పొడుగు చేతులు

"చేతులు మణికట్టు దాకా పెట్టక్కా" అంది నా ముందున్న అమ్మాయి. ఈ ఎండల్లోనా అని టైలరక్క తలెత్తింది. మోచేతి కింద నాలుగు వేళ్ల గుర్తులు, కమిలిపోయి. ఏమీ అడగలేదు. రసీదు వెనక 181 అని రాసిచ్చింది.

కమిలిన చోటు మానుతుంది. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడటం ఏళ్లు గడిచినా పోదు. పుట్టింటివాళ్లే "సర్దుకుపో తల్లీ" అంటే ఇంకెవరికి చెప్పుకుంటుంది? ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది.

181 ఆడవాళ్ల హెల్ప్‌లైన్ నంబరు, పగలైనా రాత్రయినా ఫోన్ చేయొచ్చు. హింసకు గురైన ఆడవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన సఖి సెంటర్లో వైద్యం, లాయరు సాయం, కొన్నాళ్లు తలదాచుకునే చోటు ఉచితం. ఇల్లు తన పేరున లేకపోయినా కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు 2005 గృహహింస చట్టం ఇచ్చింది.

పక్కింట్లో కేకలు వినబడితే మనమూ చెప్పొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద ఏ కేసూ ఉండదని ఆ చట్టంలోనే ఉంది.