కాల్చే ముందు ఒక్క పన్ను

2023 జూన్ 2న ఒడిశాలో జరిగిన బహానగా బజార్ రైలు ప్రమాదం తర్వాత మా గంజాం జిల్లాలో డీఎన్‌ఏ అంటే ఏంటని అడిగేవాళ్ళు తగ్గిపోయారు. భువనేశ్వర్ ఎయిమ్స్‌లో ఒకే శవాన్ని ఇద్దరు ముగ్గురు వచ్చి మావాడే అంటే, వాళ్ళ రక్తం తీసి, డీఎన్‌ఏ పోల్చడానికి ఢిల్లీకి పంపి తేల్చాల్సి వచ్చింది. ఎవరూ తీసుకెళ్ళకుండా మిగిలిన 28 శవాలను అక్టోబరులో కార్పొరేషన్ వాళ్ళే దహనం చేశారు. మా బరంపురంలో పక్కింటి పిన్నిగారు "పుట్టుమచ్చ, చొక్కా చూస్తే తెలీదా బాబూ" అంది. తెలీదు పిన్నీ, అన్నదమ్ములు ఒకరి చొక్కా ఒకరు వేసుకుంటారు కదా.

అదైతే ప్రమాదం. కావాలనే చంపి, ఆనవాళ్ళు కూడా మాయం చేసిన చోట పని ఇంకా కష్టం. బోస్నియాలోని స్రెబ్రెనిత్సలో 1995 జులైలో 8000 మందికి పైగా మగవాళ్ళను, కుర్రాళ్ళను చంపి గోతుల్లో పూడ్చారు, తర్వాత దొరికిపోతామని యంత్రాలతో మళ్ళీ తవ్వి వేరే గోతులకు తరలించారు, దాంతో ఒకే మనిషి ఎముకలు రెండు మూడు చోట్ల తేలాయి. అయినా బంధువుల రక్తంతో ఆ ఎముకల్ని ఒక్కొక్కటిగా పోల్చుకుంటూ దాదాపు 7000 మంది ఎవరెవరో చెప్పగలిగారు. సైనిక పాలనలో మనుషుల్ని చంపి పూడ్చేసిన అర్జెంటీనాలోనూ అంతే. 1984లో క్లైడ్ స్నో అనే అమెరికన్ ఎముకల నిపుణుడు వెళ్ళి, బుల్డోజర్లతో తవ్వడం మాన్పించి, కాలేజీ కుర్రాళ్ళకు చేత్తో, బ్రష్‌తో ఎముకలు తీయడం నేర్పాడు.

కానీ అక్కడ పూడ్చారు, మనం కాలుస్తాం. పూర్తిగా కాలిన ఎముకలో పరీక్షకు పనికొచ్చేది దాదాపు ఏమీ మిగలదు.

ఉగ్రవాదం రోజుల్లో పంజాబ్ సంగతి చూడండి. పోలీసులు తెచ్చి 'గుర్తు తెలియని శవం' అని రాయించి కాల్చేసిన వాళ్ళను జస్వంత్ సింగ్ ఖాల్రా అనే మానవ హక్కుల కార్యకర్త వెతికింది ల్యాబ్‌లో కాదు, అమృత్‌సర్ శ్మశానాల రిజిస్టర్లలో, కట్టెల లెక్కల్లో. కట్టెలు కొన్నాక లెక్క రాయాలి కదా, అక్కడ దొరికారు! 1995 సెప్టెంబరులో ఆయన్నే ఎత్తుకెళ్ళి చంపేశారు, ఆ కేసులో పోలీసులకు శిక్ష పడింది. సుప్రీంకోర్టు చెప్పాక సీబీఐ వెతికితే ఆ ఒక్క జిల్లాలోనే 2097 దహనాలు తేలాయి, వాటిలో పూర్తిగా పేరు తెలిసినవి 585. ఎవరి బిడ్డో చెప్పకుండా కాల్చడం చంపినవాడికి చేసే సాయమే అని నాకనిపిస్తుంది, కాల్చినవాళ్ళకు ఆ ఉద్దేశం లేకపోయినా సరే.

అందుకే నా గోలంతా చితికి ముందు జరగాల్సిన పని గురించే: డీఎన్‌ఏ పరీక్ష కోసం ఒక పన్ను తీసి దాచడం, మొహం ఫోటో, వేలిముద్రలు, శవం దొరికిన చోటు రాసిన కాగితం. వీటికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు, మార్చురీలో ఓపికున్న మనిషి ఒకడుంటే చాలు. పరీక్ష పదేళ్ళ తర్వాత చేసినా నడుస్తుంది. మా వైపు నుంచి సూరత్ మగ్గాలకి, చెన్నై కూలిపనికి ఎంతమంది పోతారో మీకు తెలుసు, అక్కడెక్కడో పేరు లేకుండా పోయినవాడి పన్ను ఒకటి భద్రంగా ఉంటే, ఇక్కడ వాళ్ళమ్మ రక్తం ఇవ్వడానికి ఎప్పుడు పిలిచినా వస్తుంది.