కావలి గ్రౌండు హాకీ, జర్మనీ హాకీ: నా అనుభవం

2018 అక్టోబరులో జర్మనీలో నేను ఆడిన మొదటి హాకీ మ్యాచ్‌లో 20 నిమిషాలు కూడా కాకముందే కోచ్ నన్ను పిలిచి బయట కూర్చోబెట్టాడు, ఆ రోజు మళ్లీ లోపలికి పంపలేదు. మూడు నెలల తర్వాత జనవరిలో ఒక ఆదివారం, అదే క్లబ్బుకి, అదే కోచ్ కింద, రెండు మ్యాచుల్లో కలిపి 7 గోల్స్ కొట్టాను. ఆ మూడు నెలల్లో నేను పెద్దగా కొత్త హాకీ నేర్చుకున్నది లేదు. నా కాళ్ల కింద నేల మారింది, అంతే. మా ఊరి పిల్లలు ఇద్దరు వచ్చే నెల చెన్నైకి సెలక్షన్‌కి పోతున్నారు, వాళ్ల కోసమే ఇదంతా గుర్తు చేసుకుని రాస్తున్నా.

మాది నెల్లూరు జిల్లా కావలి. ఎనిమిదో తరగతిలో మా డ్రిల్లు సార్ నా చేతికి ఒక స్టిక్ ఇచ్చాడు, జలంధర్‌లో చేసిన మల్బరీ కర్ర స్టిక్, పట్టుకునే చోట సైకిల్ ట్యూబు చుట్టి ఉండేది. గ్రౌండు ఎర్రమట్టి, మధ్యమధ్యలో గులకరాళ్లు, వానలప్పుడు గేదెలు నడిచిన గుంటలు ఎండి గట్టిపడిపోయి ఉండేవి. అలాంటి నేల మీద బంతి ఎప్పుడు ఎటు ఎగురుతుందో ఎవరికీ తెలీదు కాబట్టి మాకందరికీ ఒకటే అలవాటు, బంతిని దూరం పోనివ్వకూడదు. కుడికాలి ముందు జానెడు దూరంలో పెట్టుకుని, టకటకా అటూ ఇటూ తిప్పుకుంటూ, కళ్లు దాని మీదే పెట్టి పోవాలి. పొడుగు పాస్ ఇస్తే దారిలో రాయి తగిలి అవతలి టీముకి పోతుంది. అందుకని మా దగ్గర పాస్ ఇచ్చేవాడి కన్నా ఇద్దరు ముగ్గురిని దాటించుకుని పోయేవాడికే విలువ. నాకు ఆ పని బాగా వచ్చింది. జిల్లా టీముకి, ఆ తర్వాత యూనివర్సిటీ టీముకి ఆ ఒక్క పనితనంతోనే పోయాను.

సార్ మాకు ఒక సంగతి ఎన్ని తూర్లు చెప్పాడో లెక్కలేదు. 1975లో కౌలాలంపూర్‌లో మనవాళ్లు గడ్డి గ్రౌండు మీద వరల్డ్ కప్ గెలిచారు. మరుసటి ఏడాది మాంట్రియల్‌లో, ఒలింపిక్స్‌లో మొదటిసారి కృత్రిమ టర్ఫ్ మీద, అంటే ప్లాస్టిక్ గడ్డి పరిచిన చదును నేల మీద ఆడించారు. కెప్టెన్ అప్పుడూ అజిత్‌పాల్ సింగే. మనకి 7వ స్థానం. "ఒక్క ఏడాదిలో ఆట మర్చిపోతారా అబ్బయ్యా?" అని అడిగేవాడు. మాకది పాత కథలాగా ఉండేది. డిగ్రీలో ఉన్నప్పుడు చెన్నై ఎగ్మోర్‌లో మేయర్ రాధాకృష్ణన్ స్టేడియంలో ఒక్క పూట టర్ఫ్ మీద ప్రాక్టీసు దొరికింది, వచ్చిన ప్రతి పాసూ నా స్టిక్ కింద నుంచి జారిపోయింది, అప్పుడు కూడా నేను టెన్షన్ వల్లే అనుకున్నాను గానీ నేల వల్ల అనుకోలేదు.

ఎమ్మెస్‌కి నాకు సీటు వచ్చింది మన్షెన్‌గ్లాడ్‌బాఖ్‌లో. 2006లో మగవాళ్ల హాకీ వరల్డ్ కప్ జరిగింది ఆ ఊళ్లోనే, జర్మనీ గెలిచింది కూడా అక్కడే. చుట్టుపక్కల మూడు క్లబ్బులకి మెయిల్ పెడితే ఒక్క క్లబ్బు వాళ్లు జవాబిచ్చారు, గురువారం సాయంత్రం ప్రాక్టీసుకి వచ్చి చూడమన్నారు. పోయాను, వాళ్లకి నచ్చింది, ఫారం నింపించుకుని పాస్‌పోర్టు కాపీ, ఫొటో తీసుకున్నారు, చేతిలో స్పీలర్‌పాస్, అంటే ఆటగాడి కార్డు ఉంటే తప్ప లీగ్ మ్యాచ్ ఆడనివ్వరు కాబట్టి అది వచ్చేదాకా ప్రాక్టీసు మాత్రమే. క్లబ్బులో ఆఖరి టీము మాది. అందులో డెంటిస్టు ఉన్నాడు, కార్పెంటరు ఉన్నాడు, 46 ఏళ్ల బ్యాంకు ఉద్యోగి ఉన్నాడు. వీళ్లకన్నా నేను బాగా ఆడతానని లోపల గట్టి నమ్మకం.

ఇక ఆ మొదటి మ్యాచ్. ఆటకి ముందు టర్ఫ్ అంతా నీళ్లు చిమ్మారు, బంతి పోతుంటే వెనకాల సన్నటి తుంపర లేస్తోంది. డిఫెండర్ 30 మీటర్ల నుంచి నాకు పాస్ కొట్టాడు. మా ఊళ్లో అయితే ఆ బంతి వచ్చేలోపల రెండుసార్లు ఎగిరి నెమ్మదిస్తుంది, నేను స్టిక్ నిలువుగా పెట్టి ఛాతీ ఎత్తులో వచ్చినా ఆపగలను. ఇక్కడ అది నేలకి అంటుకుని వచ్చి, నిలువుగా పెట్టిన నా స్టిక్ అంచు తగిలి పక్క లైను దాటిపోయింది. మా టీములో మిగతా వాళ్లంతా మోకాళ్లు బాగా వంచి, స్టిక్‌ని దాదాపు నేల మీద పడుకోబెట్టి బంతిని పట్టుకుంటున్నారు. రెండోసారి ఎట్లాగో దొరికింది, అలవాటు ప్రకారం ఒకణ్ణి దాటాను, రెండోవాణ్ణి దాటాను, తల పైకెత్తేసరికి ముందర నలుగురున్నారు. నేను తిప్పుతున్నంతసేపూ ఎడమ పక్కన మా డెంటిస్టు ఒక్కడే చెయ్యి పైకెత్తి "లింక్స్! లింక్స్!" అని అరుస్తున్నాడు. లింక్స్ అంటే ఎడమ అని కూడా నాకప్పటికి తెలీదు.

ఇంటికొచ్చి ఆ రాత్రి చాలా బాధపడ్డాను. పదేళ్ల ఆట, అంతా ఉత్తదేనా అనిపించింది.

నవంబరులో నా రూమ్మేటు, అతనిది క్రెఫెల్డ్, పక్క ఊరే, వాళ్ల ఊరి టీము ఐస్ హాకీ మ్యాచ్‌కి లాక్కుపోయాడు. అది వేరే ఆట, మంచు మీద, పక్ అనే రబ్బరు బిళ్లతో. కానీ నా ప్రశ్నకి సగం జవాబు అక్కడే దొరికింది. అక్కడి లీగ్‌లో కెనడా, అమెరికా వాళ్లు చాలామంది ఆడతారు, వాళ్ల దేశాల పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో నిలదొక్కుకోలేకపోయిన వాళ్లు ఇక్కడ జనం ఆరాధించే ఆటగాళ్లు. అదెట్లా అని అడిగితే రూమ్మేటు దారంతా చెప్పుకుంటూ వచ్చాడు. ఎన్‌హెచ్‌ఎల్ రింకు (మంచు గ్రౌండు) వెడల్పు సుమారు 26 మీటర్లు, యూరప్‌లో పాత పద్ధతి రింకులు 30 మీటర్ల దాకా ఉంటాయి. ఆ నాలుగు మీటర్లలోనే పక్ పట్టుకుని ఆలోచించుకునే టైము దొరుకుతుంది, ఇరుకు రింకులో ఆ టైములోపలే ఎవడో ఒకడు వచ్చి గోడకేసి కొడతాడు. ఎన్‌హెచ్‌ఎల్‌లో అప్పట్లో ఒక సీజన్‌కి 82 మ్యాచులు, ఈ కొసకీ ఆ కొసకీ విమానాల్లో తిరగాలి. ఆ జర్మనీ లీగ్‌లో 52, అయిపోగానే బస్సెక్కితే చాలావరకు అదే రాత్రి ఇంటికి. అన్నిటికన్నా ముఖ్యంగా, అక్కడ నాలుగో లైనులో, అంటే అందరికన్నా తక్కువ ఆడించే గుంపులో, పది నిమిషాలు మాత్రం దొరికేవాడికి ఇక్కడ ఇరవై నిమిషాలు, పవర్ ప్లే (అవతలివాళ్లలో ఒకడు శిక్షపడి బయటున్నప్పటి ఆట) కూడా ఇచ్చి టీముని వాడి చేతిలో పెడతారు.

తర్వాత నేనే కూర్చుని చదివాను. సెర్గీ మొజ్యాకిన్ అని రష్యా ఆటగాడు, రష్యా వైపు పెద్ద ఐస్ హాకీ లీగ్ కేహెచ్‌ఎల్‌లో అతను కొట్టినన్ని గోల్స్ ఇంకెవరూ కొట్టలేదు, 2002లో కొలంబస్ టీము డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ల ఎంపికలో) తీసుకున్నా ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. వాదిమ్ షిపాచ్యోవ్ 2017లో వేగాస్ టీముకి పోయి 3 మ్యాచులు ఆడి, ఒక గోల్ కొట్టి, ఆ సీజన్‌లోనే వెనక్కి వచ్చేశాడు. 2020–21లో కేహెచ్‌ఎల్ మొత్తానికీ ఎక్కువ పాయింట్లు (గోల్స్, గోల్‌కి అందించిన పాసులు కలిపి) అతనివే. మరి ఆర్టెమీ పనారిన్? అదే లీగ్ నుంచి 2015లో చికాగో పోయి మొదటి ఏడాదే ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు తీసుకున్నాడు. అతన్ని ఒక పక్క ప్యాట్రిక్ కేన్ లాంటి ఆటగాడితోనూ, మధ్యలో అతని భాష మాట్లాడే అనీసిమోవ్‌తోనూ కలిపి ఆడించారు. పనారిన్‌ది గొప్ప చెయ్యి, కాదనను, కానీ పోయిన చోట అతనికి తగ్గ చోటు చూసి పెట్టారు. "ఫలానావాడు యూరప్‌కే పనికొస్తాడు" అని కొట్టిపారేసే మాట నాకు అప్పటి నుంచి అస్సలు నచ్చదు.

డిసెంబరు వచ్చేసరికి చలికి బయట లీగ్ ఆపేసి జర్మనీ హాకీ అంతా హాల్లోకి పోతుంది. హాల్ హాకీ నేనెప్పుడూ చూడలేదు. 44 మీటర్ల పొడుగు, 22 మీటర్ల వెడల్పు, గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు, పక్కల పొడుగునా చెక్క అంచులు. స్టిక్ ఊపి హిట్ కొట్టకూడదు, స్టిక్ బంతికి ఆనించి నెట్టే పుష్ మాత్రమే. 'డి' లో, అంటే గోల్ ముందు గీసిన అర్ధవృత్తంలో, గోల్‌కి కొట్టేటప్పుడు తప్ప బంతి నేల మీద నుంచి లేవకూడదు. మొదటి ప్రాక్టీసులో పది నిమిషాలకే నాకు ఒళ్లు పులకరించింది. ఆ ఇరుకులో పొడుగు పాస్‌కి చోటే లేదు, జానెడు దూరంలో బంతి పెట్టుకుని తిప్పేవాడే కావాలి. పైగా నేల నున్నగా ఉంది, నా జీవితంలో మొదటిసారి బంతి నేను అనుకున్న చోటే ఉంటోంది, దాన్ని చూస్తూ ఉండక్కర్లేదు, తల పైకెత్తుకోవచ్చు! మా డెంటిస్టు ఎక్కడున్నాడో అప్పుడు కనపడింది నాకు. ఆ ఏడు గోల్స్ ఆదివారం సాయంత్రం కోచ్ నా పక్కన కూర్చుని, బయట కూడా నిన్ను 'డి' దగ్గరే పెడతాను, మధ్య గ్రౌండులో వద్దు, అక్కడ నీకు చోటు ఎక్కువైపోతోంది అన్నాడు.

ఏప్రిల్‌లో బయట ఆట మొదలయ్యేలోపల నేను చేసింది కొంచెమే. వారానికి రెండు రోజులు అరగంట ముందు పోయి ఆ బ్యాంకాయనతో గట్టి పాసులు కొట్టించుకుని, స్టిక్ పడుకోబెట్టి పట్టుకోవడం ఒక్కటే చేశాను, తొడలు మండిపోయేవి. గ్రౌండులో అరిచే జర్మన్ మాటలు పదో పన్నెండో ఒక కాగితం మీద రాసుకుని బట్టీ పట్టాను. ఇది చిన్న విషయం అనుకోవద్దు, వెనకాల ఎవడో ఉన్నాడని చెప్పే ఒక్క మాట అర్థమైతే అరసెకను కలిసొస్తుంది. ఆ సీజన్ మొత్తం ఆడాను. మూడేళ్లు ఆ టీములోనే ఉన్నాను, కోవిడ్‌లో ఆగిన నెలలు పోను.

2023 సంక్రాంతికి కావలి వచ్చినప్పుడు పండగ టోర్నమెంటు పెట్టారు. జర్మనీలో ఆడొచ్చాడని మైకులో చెప్పారు కూడా. మొదటి బంతికి మోకాళ్లు వంచి, స్టిక్ నేల మీద పడుకోబెట్టి ఆగాను. బంతి గులకరాయికి తగిలి ఎగిరి నా స్టిక్ మీదుగా, మోకాలి మీదుగా వెనక్కి పోయింది. ఖాళీ చూసి పాసులిస్తే సగం దారిలో ఆగిపోయాయి. ఆ మ్యాచ్‌లో నాకన్నా పదో తరగతి పిల్లోడు బాగా ఆడాడు. సార్ రిటైరయ్యాడు గానీ ఆట చూడ్డానికి వచ్చాడు. నా దగ్గరికొచ్చి "మాంట్రియల్ ఇప్పుడు అర్థమైందా?" అని మాత్రం అని, భుజం మీద చెయ్యేశాడు.

ఆ పదో తరగతి పిల్లోడూ, వాడి స్నేహితుడూ ఇప్పుడు సెలక్షన్‌కి పోతున్నవాళ్లు. చేతిపని ఇద్దరిదీ అద్భుతం. టర్ఫ్ ఇద్దరూ చూడలేదు. ఇక్కడ టర్ఫ్ ఎక్కడ తెచ్చేది? ఊరి బయట వడ్లు ఆరబోసుకునే సిమెంటు కల్లం ఉంది, కోతలు లేనప్పుడు ఖాళీగానే ఉంటుంది. రైతునడిగితే సరే అన్నాడు. పొద్దున్నే ఆరింటికి పోయి ఊడ్చి, మోటారు వేసి పైపుతో నీళ్లు కొడితే బంతి అచ్చం టర్ఫ్ మీద లాగానే నేలకంటుకుని జారుతుంది. సిమెంటు గరుకుకి స్టిక్ అంచులు అరిగిపోతున్నాయి, టేపు చుట్టి నెట్టుకొస్తున్నాం. 20 అడుగుల దూరం నుంచి నేను గట్టిగా పుష్ చేస్తాను, వాళ్లు స్టిక్ పడుకోబెట్టి పట్టాలి, పట్టగానే తల ఎత్తి నేను ఎన్ని వేళ్లు చూపిస్తున్నానో చెప్పాలి. మొదటి వారం పదింటికి రెండు దొరికేవి, ఇప్పుడు ఏడు దాకా వచ్చారు. సెలక్షన్‌కి ఒక రోజు ముందే చెన్నై తీసుకుపోతున్నా, ఒక గంటైనా అసలు టర్ఫ్ మీద నిలబడనిమ్మని అక్కడివాళ్లని అడగాలి. నెల్లూరు, ఒంగోలు వైపు ఎవరి దగ్గరైనా పాత టర్ఫ్ షూస్ ఏడు, ఎనిమిది సైజులవి ఉంటే చెప్పండి, వచ్చి తీసుకుంటా.