రోడ్స్ దీవిలో ముసాయిదాల మేస్త్రి

నోబెల్ శాంతి బహుమతి పొందిన నల్లజాతి నాయకులెవరంటే మన బడిలో ఏ తరగతి పిల్లలైనా కింగ్, మండేలా పేర్లు చెప్పి ఆగిపోతారు. వాళ్లకంటే ముందు, 1950లోనే అందుకున్న అమెరికన్, ఐక్యరాజ్యసమితి (ఐరాస) అధికారి రాల్ఫ్ బంచ్ పేరు ఎవరి నోటా రాదు. మాక్ పార్లమెంటుకు తయారయ్యే పిల్లలకు అసలు పనికొచ్చేది ఆయన పనితనమే.

అరబ్బులకూ ఇజ్రాయెల్‌కూ యుద్ధం జరుగుతుండగా, 1948 సెప్టెంబరు 17న ఐక్యరాజ్యసమితి మధ్యవర్తి బెర్నడోట్‌ను జెరూసలేంలో కాల్చి చంపారు. ఆ బరువు బంచ్ నెత్తిన పడింది. 1949 జనవరి 13న గ్రీసుకు చెందిన రోడ్స్ దీవిలో ఒక హోటల్లో ఈజిప్టు, ఇజ్రాయెల్ ప్రతినిధులతో యుద్ధ విరమణ చర్చలు మొదలుపెట్టారు. ముందు రెండు పక్షాలతో విడివిడిగా మాట్లాడి, తర్వాతే ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టారు. సరిహద్దు జోలికి వెంటనే పోలేదు. చర్చాంశాల పట్టిక లాంటి, ఎవరూ కాదనలేని కాగితాలకు మొదట ఒప్పించారు. కలిసి ఒప్పుకోవడం అలవాటైతే పెద్ద కాగితం దగ్గర చెయ్యి వణకదు.

పీటముడి పడ్డది పాలస్తీనాలోని ఫలూజా, ఈజిప్టు సరిహద్దున ఉన్న అల్ ఔజా అనే ఊళ్ల దగ్గర. ఫలూజాలో ఈజిప్టు దళం ముట్టడిలో చిక్కుకుంది. తర్వాత దేశాధ్యక్షుడైన నాసర్ అప్పుడు అందులోనే ఉన్నారు. ఆ దళం బయటికి వెళ్లేందుకు దారి కుదిర్చారు. అల్ ఔజాను సైన్యరహిత ప్రాంతం చేసి, ఒప్పందం అమలు చూసే కమిషన్‌ను అక్కడే పెట్టారు. సభ్యులు ఏడుగురు: చెరో ముగ్గురు, అధ్యక్షత ఐరాసది.

నా లెక్కన అసలు కిటుకు ఒక్క వాక్యంలో ఉంది: ఈ యుద్ధ విరమణ రేఖను రాజకీయ సరిహద్దుగా భావించరాదని రాశారు. దాంతో ఎవరి వాదన వాళ్ల దగ్గరే ఉంచుకుని సంతకం చేయగలిగారు. ఫిబ్రవరి 24న పని పూర్తయింది. లొసుగూ అక్కడే. తాత్కాలికమని రాసుకున్న గీత ఏళ్ల తరబడి నిలిచిపోయింది. 1955లో ఇజ్రాయెల్ సైన్యం అల్ ఔజాలోకి వచ్చేసింది. ఆ రెండు దేశాల మధ్య శాంతి ఒప్పందం 1979 దాకా కుదరలేదు.

బంచ్ చర్చల పేరు వేయించి పింగాణీ పళ్లేలు ముందే చేయించి పెట్టుకున్నారు. రాజీ కుదరకపోతే వీటినేం చేసేవారని ఒక ప్రతినిధి అడిగితే, మీ నెత్తిన పగలగొట్టేవాణ్ణన్నారట.

నోబెల్ వార్త వచ్చాక ఆయన రాసిన ముసాయిదా, ఐరాస ఉద్యోగిగా తన పని తాను చేశానంటూ బహుమతి వద్దనడానికే. ప్రధాన కార్యదర్శి ట్రిగ్వే లీ ఆ ఉత్తరం పంపనివ్వలేదు.