స్లోవాకియాలో మోకాళ్లను కాపాడే మాటలు

గల్ఫ్‌లో పని చేసి వచ్చినవాళ్లకు ఒక ధైర్యం ఉంటుంది: హిందీ వస్తే చాలు, బతికేయొచ్చని. స్లోవాకియాలో ఆ ధైర్యం మొదటి షిఫ్టుకే పోతుంది. కాగితాల మీద సంతకాలు పెట్టించేవాళ్లకు ఇంగ్లీషు వస్తుంది. మనతో పాటు లైను మీద నిలబడే ఆమెకు రాదు, ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఆయనకూ రాదు. 54 లక్షల జనాభా ఉన్న ఈ దేశం ఏడాదికి దాదాపు 10 లక్షల కార్లు తయారుచేస్తుంది. తలసరి లెక్కలో ప్రపంచంలో దీనిదే మొదటి స్థానం. బ్రాతిస్లావాలో ఫోక్స్‌వ్యాగన్, జిలినా పక్కన కియా, తృనవలో స్టెల్లాంటిస్, నిత్రలో 2018లో మొదలైన టాటా వాళ్ల జాగ్వార్ ల్యాండ్ రోవర్. వీటికి విడిభాగాలు పంపే చిన్న ఫ్యాక్టరీలు ఊరూరా ఉన్నాయి. మనవాళ్లకు ఎక్కువగా దొరికేది అలాంటిచోట్ల పనే. నేనూ అక్కడివాడినే.

కొత్తగా వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను చెప్పేది ఒకటే. ఇక్కడి స్లోవాక్ భాషలో విభక్తులు ఆరు, లింగాలు మూడు అని పుస్తకం ముందేసుకుని భయపడకండి. అవి తర్వాత వస్తాయి. ముందు ఒంటి పేర్లు, ఒంటి మీద వేసుకునేవాటి పేర్లు, కదలమని చెప్పే మాటలు నేర్చుకోండి. వాటిని ఇంగ్లీషు మీదుగా కాకుండా నేరుగా తెలుగు నుంచి పట్టుకోండి.

ఎందుకంటున్నానో చెబుతాను. సూపర్‌వైజర్‌ను ఇక్కడ మైస్తెర్ అంటారు. మన మేస్త్రికి చుట్టమే ఈ మాట. మనకు పోర్చుగీసువాళ్ల ద్వారా వచ్చింది, వీళ్లకు జర్మన్ల నుంచి వచ్చింది, రెండింటికీ మూలం లాటిన్. ఆ మైస్తెర్ బాక్సు చూపించి 'ఒద్‌నెస్' అంటే చేత్తో మోసుకెళ్లి పెట్టమని. 'ఒద్‌వెస్' అంటే బండి మీద తీసుకెళ్లమని. మధ్యలో ఒక్క అక్షరమే తేడా. ఇంగ్లీషులో తర్జుమా చేసి చెప్పే కోఆర్డినేటర్ రెండింటికీ 'టేక్' అంటాడు. దాంతో కొత్త కుర్రాళ్లు 'ఒద్‌వెస్' అని చెప్పిన బరువును కూడా రొమ్ముకు ఆనించుకుని హాలు ఈ చివర నుంచి ఆ చివరకు మోస్తారు. గోడ పక్కనే చేతి ట్రాలీ ఖాళీగా ఉంటుంది. దాన్ని ఇక్కడ పలెత్యాక్ అంటారు. ఎవరూ ఆపరు. కష్టపడే మనుషులని మెచ్చుకుంటారు కూడా. నెలలు గడిచాక ఆ మెప్పు మోకాళ్లలోకి, నడుములోకి దిగుతుంది. అందుకే ఎవరైనా కొత్తగా వస్తే నేను మొదటిరోజే పలెత్యాక్ దగ్గరికి తీసుకెళ్లి, దాని హ్యాండిల్ చేతికిచ్చి, ఈ రెండు మాటలూ వాళ్లచేత పలికిస్తాను.

ఇక తెలుగువాళ్లకు కలిసొచ్చే సంగతి ఒకటుంది, ఏ పాఠంలోనూ ఇలా చెప్పరు. మనం చేతులు 'కడుక్కో', చొక్కా 'వేసుకో', బూట్లు 'తొడుక్కో', టోపీ 'పెట్టుకో' అంటాం. వేరేవాళ్లకు చేస్తే కడుగు, వెయ్యి, తొడుగు, పెట్టు. మనకోసం మనం చేసుకుంటే చివర 'కో' చేరుతుంది. స్లోవాక్‌లో ఆ పని 'సి' అనే చిన్న మాట చేస్తుంది. 'ఉమి సి రుకి', చేతులు కడుక్కో. 'ఒబ్లెచ్ సి బుందు', కోటు వేసుకో. 'ఒబుయ్ సి తొపాన్కి', బూట్లు తొడుక్కో. 'దయ్ సి ఒకులియరె', కళ్లద్దాలు పెట్టుకో. బట్టకొక క్రియ, బూటుకొక క్రియ మనకున్నట్టే వీళ్లకూ ఉంది. కూర్చో, పడుకో అన్నవాటిలో కూడా మనకు 'కో' ఉంది కదా. వీళ్లూ 'సద్ని సి', 'ల్యహ్ని సి' అంటారు. గొంతుక్కూర్చో అనడానికి 'చుప్ని సి', మోకాళ్ల మీద కూర్చో అనడానికి 'క్ల్యక్ని సి'. మర్యాదగా చెప్పాలంటే మనం 'అండి' కలిపినట్టు వాళ్లు 'త్యె' కలుపుతారు: సద్నిత్యె సి. అన్నిచోట్లా ఇలా కుదరదు. వంగమనడానికి 'జొహ్ని స', తిరగమనడానికి 'ఒతొచ్ స'. అక్కడ 'సి' పోయి 'స' వస్తుంది. అయినా సగం దారి మన భాషే వేసి పెట్టిందని తెలిస్తే నాలుక దానంతటదే తిరుగుతుంది.

ఒంటి పేర్లలోనూ అంతే. మనకు 'కాలు' అంటే తొడ దగ్గర నుంచి పాదం దాకా. స్లోవాక్ 'నొహ' కూడా మామూలు మాటల్లో అంతే. 'చెయ్యి' ఎలాగో 'రుక' అలాగే. ఇంగ్లీషువాళ్లలా భుజం నుంచి ఒకటి, మణికట్టు నుంచి ఇంకొకటి అని విడగొట్టరు. నొహ నుంచి నొహవిత్సె, అంటే ప్యాంటు. రుక నుంచి రుకవిత్సె, అంటే చేతి తొడుగులు. మోకాలు 'కొలెనొ', మోకాళ్లు 'కొలెనా'. చివర దీర్ఘం ముఖ్యం, తెలుగు చెవికి అది ఇట్టే దొరుకుతుంది. పని బట్టలను మొంతేర్కి అంటారు. మంచి మొంతేర్కికి మోకాళ్ల దగ్గర జేబులుంటాయి, వాటిలో మెత్తటి ప్యాడ్లు దూర్చుకోవాలి. ఆ ప్యాడ్ల పేరు 'ఖ్రానిచె కొలియెన్'. మోకాళ్ల మీద పని చేసేవాళ్ల రక్షణకు ఐరోపాలో ఇఎన్ 14404 అనే ప్రమాణం ఉంది. కాలికి పట్టీతో కట్టుకునేవి టైప్ 1, ప్యాంటు జేబులో పెట్టుకునేవి టైప్ 2. పనికి అవసరమైన రక్షణ సామగ్రిని యజమాని ఉచితంగా ఇవ్వాలని ఇక్కడి 124/2006 నంబరు చట్టం చెబుతోంది. అడగడానికి మొహమాటపడొద్దు. పేరు తెలియక అడగనివాళ్లను ఎంతోమందిని చూశాను. అట్టపెట్టెలు చింపి మోకాళ్ల కింద వేసుకుంటారు.

పలకడం కష్టం అనేవాళ్లకు ఇంకో మాట. మెడను 'కృక్' అంటారు, వేలును 'పృస్త్' అంటారు. అచ్చు లేకుండా 'ర' ఒక్కటే అక్షరాన్ని మోస్తుంది. అది మన ఋ. దానికి దీర్ఘం ౠ కూడా వీళ్లకుంది: డ్రిల్లింగ్ మెషీన్ 'వౄతచ్క'. మన పాత వర్ణమాలలోని ఌ, ౡ కూడా ఇక్కడ నిక్షేపంగా బతికున్నాయి. మోకాలి చిప్పను చిన్న ఆపిల్ పండు అనే అర్థంలో 'యబ్‌ౡచ్‌కొ' అంటారు. చిన్నప్పుడు ఇవెందుకు పనికొస్తాయో తెలియని అక్షరాలు కార్ల ఫ్యాక్టరీలో ఎదురైతే నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఆ చిప్ప మాట నాకు బాగా గుర్తుండటానికి కారణం మా హాస్టల్లో ఉండే ఆర్మూరు అన్న. సీటు ఫ్రేముల అడుగున క్లిప్పులు బిగించే పని ఆయనది. షిఫ్టంతా ఒక మోకాలు నేల మీదే. ఎముకల డాక్టరు దగ్గరికి తోడు వెళ్లాను. గుమ్మంలో నీలం ప్లాస్టిక్ తొడుగులుంటే బూట్ల మీద వేసుకుని లోపలికి వెళ్లాం. అన్న ఫోన్ తీసి ఇంగ్లీషులో టైపు చేస్తే స్లోవాక్‌లో 'నొప్పి' అని ఒక్క ముక్క వచ్చింది. డాక్టరమ్మ అది చదివి, ఎలాంటి నొప్పి అని అడిగింది. 'పిఖా? పాలి? తౄప్నె?' పొడుస్తోందా, మండుతోందా, తిమ్మిరెక్కుతోందా?

"తమ్మీ, ఉట్టి నొప్పి గాదు," అన్నాడు అన్న. "మెట్లు దిగుతుంటే లోపల కలుక్కుమంటది. రాత్రి పండుకుంటే గుంజుతది."

గుంజడానికి వాళ్లకూ అదే మాట ఉంది, 'త్యహా'. కలుక్కుమనడానికి 'ప్రస్కా'. మెట్ల మీద ప్రస్కా, రాత్రిపూట త్యహా అని చెప్పగానే ఆమె కీబోర్డు వదిలి అన్న వైపు తిరిగింది. మంచం మీద పడుకోబెట్టి 'పొకృచ్త్యె', మడవండి అంది. 'విస్త్రిత్యె', చాపండి అంది. మడిచేటప్పుడు అరచేతిని చిప్ప మీద ఉంచి చాలాసేపు వింటున్నట్టు కళ్లు మూసుకుంది. చిప్ప వెనక మృదులాస్థి అరుగుతోందని చెప్పి, మోకాళ్ల మీద కూర్చునే పని వద్దని కాగితం రాసిచ్చింది. ఆ కాగితంతో అన్నను ప్యాకింగ్‌కు మార్చారు. తెలుగులో నొప్పికి ఎన్ని మాటలున్నాయో! సలుపు, పీకు, గుంజు, పోటు, తీపు. అవన్నీ ఇంగ్లీషు గేటు దగ్గర వదిలేసి డాక్టరు ముందు ఒక్క 'పెయిన్'తో నిలబడటం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

చివరగా పడిపోవడం గురించి. చలికాలంలో గేటు దగ్గర నేల మీద కనపడని మంచు పొర ఉంటుంది, పొల్యదొవిత్స అంటారు. 'పొజొర్, ష్మీక స' అని ఎవరైనా అరిస్తే జారుతుందని అర్థం, ఉన్నచోటే ఆగండి. ఫ్యాక్టరీ లోపల పడి దెబ్బ తగిలితే వెంటనే మైస్తెర్‌కు చెప్పి రాయించాలి, డాక్టరుకు కూడా అక్కడే పడ్డానని చెప్పాలి. అది పని ప్రమాదంగా నమోదైతేనే ప్రమాద బీమా నుంచి రావలసింది వస్తుంది. గదిలో పడ్డానని చెప్పమని ఎవరు బతిమాలినా ఒప్పుకోవద్దు. 'పని దగ్గర పడ్డాను' అనడానికి మగవాళ్లు 'స్పదొల్ సొమ్ ఫ్‌ప్రాత్సి' అనాలి. ఆడవాళ్లు 'స్పద్ల సొమ్ ఫ్‌ప్రాత్సి' అనాలి, హిందీలో గిరా, గిరీ ఉన్నట్టే.