చెక్కుబందీలో లేని పొరుగు

సివిల్స్ రెండో అటెంప్ట్ అప్పుడు ఓ మాక్ టెస్టులో ‘నియర్ అబ్రాడ్’ అంటే ఏమిటని అడిగారు. ‘రష్యాతో సరిహద్దు ఉన్న 14 దేశాలు’ అన్న ఆప్షన్ కనబడగానే బబుల్ నింపేశాను. 14 అనేది కరెక్టే కదా! రెండు మార్కులు రాకపోగా 0.66 ఎదురుపోయింది.

ఆ వారమే అమలాపురంలో మా బాబాయి తోట రిజిస్ట్రేషన్. దస్తావేజు నన్ను చదవమన్నాడు. తూర్పు పంట బోదె, దక్షిణం ఫలానావారి కొబ్బరి తోట... చెక్కుబందీ (నాలుగు వైపులా ఆనుకున్న హద్దులు) అయ్యాక అడిగాను, పెదనాన్న చేను ఇందులో లేదేంటని. ‘ఆయనది మన గట్టుకి ఆనుకుంటేగా! పంపకాలై పాతికేళ్ళైనా మన తూము ఎప్పుడు ఎత్తాలో ఇంకా ఆయనే చెబుతాడనుకో’ అన్నాడు బాబాయి. నాకు అక్కడ వెలిగిందండీ.

1991లో సోవియట్ యూనియన్ విడిపోతే 15 రిపబ్లిక్కులు 15 దేశాలయ్యాయి. రష్యా పోగా మిగిలిన 14 దేశాలకీ రష్యన్లు పెట్టుకున్న పేరు ‘బ్లిజ్నెయె జరుబేజ్యె’, అంటే దగ్గరి విదేశం. ఇది పంపకాల లెక్క, గట్టు లెక్క కాదు. రాత్రి అట్లాస్ ముందేసుకుని రెండు జాబితాలూ రాశాను: గట్టు పొరుగు 14, పంపకాల పొరుగు 14. రెండిట్లోనూ ఉన్నవి ఎనిమిదే: ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా, బెలారస్, ఉక్రెయిన్, జార్జియా, అజర్‌బైజాన్, కజకిస్తాన్. లిథువేనియాకి గట్టు కలిసేది కాలినిన్‌గ్రాడ్ (రష్యా ప్రధాన భూభాగానికి దూరంగా విడిగా ఉన్న రష్యా ముక్క) వైపున, అదో మెలిక. ఆర్మేనియా, మాల్డోవా, ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, తజికిస్తాన్‌లకి రష్యాతో సరిహద్దే లేదు, అయినా నియర్ అబ్రాడే. నార్వే, ఫిన్లాండ్, పోలాండ్, చైనా, మంగోలియా, ఉత్తర కొరియా గట్టు పొరుగువాళ్ళే, కానీ ఆ మాట కిందికి రావు.

మెయిన్స్‌లో ఈ మాట వాడితే ‘రష్యా దృష్టిలో’ అని తగిలించండి. అది పెద్దన్న నోటి మాట, తమ్ముళ్ళకి నచ్చదు. బాల్టిక్ దేశాలు మూడూ 2004లోనే నాటోలోనూ, ఈయూలోనూ చేరిపోయాయి. అందుకే కొందరు వాటిని ఈ లెక్కలోంచి తీసేస్తారు. రష్యా చేసిన 2008 జార్జియా యుద్ధం, 2014 క్రిమియా ఆక్రమణ, 2022 ఉక్రెయిన్ దాడి గురించి రాసేటప్పుడు ఈ మాట వెనకున్న పెత్తనాన్ని కూడా ఒక్క వాక్యంలో చెప్పండి.

మన నేపాల్‌కో, భూటాన్‌కో మాత్రం దీన్ని అంటించకండి. మనకి ‘నైబర్‌హుడ్ ఫస్ట్’ (పొరుగు దేశాలకే మొదటి ప్రాధాన్యం అనే మన విదేశాంగ విధానం) ఉంది. అక్కడా గట్టు లెక్క పనిచెయ్యదు: మనతో భూసరిహద్దు లేని శ్రీలంక, మాల్దీవులు కూడా అందులోనివే.