సర్పి తలా, తోకా

ఎడమ రొమ్ము కింద నుంచి వీపు దాకా మంట మొదలైతే గ్యాస్ అనుకున్నాను. రెండో రోజు పొక్కులు లేచాయి. మా తోటికోడలు చూడగానే, "అక్కా, ఇది సర్పి. పాములా ఒంటిని చుట్టుకుని తలా తోకా కలిస్తే ప్రాణం మీదికొస్తుంది. కుమ్మరాయనతో మంత్రం వేయించుకో, జాజు పూస్తాడు" అంది. మావారు వినలేదు, స్కిన్ డాక్టరు దగ్గరికి లాక్కెళ్లారు. అందుకు ఆయనకు రుణపడి ఉంటాను.

హెర్పీస్ జోస్టర్ అన్నాడు డాక్టరు. చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పటి వైరస్సే నరాల మొదట్లో దాక్కుని నా 61వ ఏట మళ్లీ లేచిందట. పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే మందు బాగా పనిచేస్తుందని వాలసైక్లోవిర్ 1000 రోజుకు మూడు, ఏడు రోజులకు రాశాడు. నొప్పికి డైక్లోఫెనాక్. మొత్తం నాలుగు నిమిషాలు. నా షుగరు ఫైలు ఒళ్లోనే ఉంది. ఆయన అడగలేదు. నేనూ తెరవలేదు, అంతవరకు తప్పు నాదే.

మూడో రాత్రి సంగతి సగం నాకు గుర్తుంది, సగం మావారు చెప్పారు. చీమలు బారులు తీరి పాకుతున్నాయని దుప్పటి దులిపిందే దులిపానట. తర్వాత లేచి కూర్చుని, దుప్పటి మీద వేలితో రాస్తూ, "ఏడో తరగతి హాజరు ఇంకా పూర్తి కాలేదు, బెల్లు కొట్టొద్దని చెప్పండి" అన్నానట. నేను రిటైరై మూడేళ్లు. ఆయన్ని "సార్" అని పిలిచాను. అది మాత్రం గుర్తుంది, ఆయన ముఖం పాలిపోవడం కూడా. తోటికోడలికి ఫోన్ చేస్తే, "కలిసిపోయాయేమో చూడండి బావగారూ" అని ఏడ్చిందట. మంత్రాలు నమ్మని ఈ మనిషి టార్చి వేసి నా వీపు చూశారు! పొక్కులు వెన్నెముక దగ్గరే ఆగి ఉన్నాయి.

తెల్లవారుజామున ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు, "వయసు కదండీ, మతిమరుపు మొదలై ఉంటుంది" అన్నాడు. అంతకు వారం ముందు మనవడికి పందొమ్మిదో ఎక్కం చెప్పినదాన్ని! పొక్కులు మానాయి కానీ ఆ మాట మానలేదు.

ఉదయం వచ్చిన కిడ్నీ డాక్టరమ్మ ముందు ఫైలే అడిగింది. కిడ్నీలు నెమ్మదించే కొద్దీ రక్తంలో పెరిగే క్రియాటినిన్ ఆర్నెల్ల కిందట 1.6, ఆ రోజు 3.1. ఈ వాలసైక్లోవిర్ మూత్రంలో బయటికి పోవాలట. కిడ్నీలు నెమ్మదిస్తే ఒంట్లో పేరుకుని మెదడును తికమక పెడుతుందట. నాకు మొదటే రోజుకు రెండు రాయాల్సింది. పైగా కిడ్నీల మీద భారం వేసే డైక్లోఫెనాక్, పైగా మంటతో నేను నీళ్లు సరిగా తాగకపోవడం. మాత్రలు ఆపి సెలైన్ పెట్టారు. రెండో రోజు సాయంత్రానికి చీమలు పోయాయి. "మందు చెడ్డది కాదమ్మా, ఆ డోసు మీది కాదు" అంది. చల్లగా ఉండాలి ఆ తల్లి.

జాకెట్టు గుడ్డ తగిలినా నిప్పంటినట్టుండే నొప్పి మరో మూడు నెలలు ఉంది. ఈలోగా తోటికోడలు కుమ్మరాయన్ని తీసుకురానే తీసుకొచ్చింది. పొక్కులు ఎండిపోయాయి కదా అని పూయించుకున్నాను. జాజు చల్లగా ఉంది, దేవుడి మీద అలగడం దేనికి? మీకెవరికైనా సర్పి లేస్తే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి, షుగరు, కిడ్నీ రిపోర్టులు అడగకపోయినా ఆయన ముందు పెట్టండి.

నా ఫైలు అట్ట మీద మావారు ఎర్ర స్కెచ్ పెన్నుతో "కిడ్నీ చూసి డోసు రాయండి" అని పెద్దక్షరాలతో రాశారు. మొన్న పంటి డాక్టరు అది చదివి నవ్వాడు. నవ్వితే నవ్వాడు, నొప్పి మాత్ర కొట్టేసి వేరేది రాశాడు.