మనవాళ్ళ రేటు

"ఏమ్మా, మీరు మరీ అమెరికా వాళ్ళయిపోయారు."

మొన్న ఫోన్లో ఓ పెద్దాయన అన్న మాట ఇది. మా ఆయన కొలీగ్‌కి తోడల్లుడు, ఫ్రిస్కోలో ఉంటారు. నేను ఇక్కడ టెక్సస్‌లో ఇన్సూరెన్స్ ఏజెంటుని, వాళ్ళ రెండు కార్ల బీమాకి కోట్ ఇచ్చాను. అంతా విని, "ఇందులో మీకొచ్చే కమిషన్లో మాకెంత వదులుతారు?" అన్నారు. అలా కుదరదండీ అన్నాను. వాళ్ళ నాన్నగారికి జీవిత బీమా చేసిన ఏజెంటు మొదటి ప్రీమియం తన జేబులోంచే కట్టాడట. మనవాళ్ళమై ఉండి నేను ఆ మాత్రం సర్దుకోలేనా అని ఆయన బాధ.

ఏదో చెప్పి ఫోన్ పెట్టేశాను కానీ, సాయంత్రం పప్పు తాలింపు పెడుతూ కూడా ఆయనకి జవాబులు చెబుతూనే ఉన్నాను.

టెక్సస్‌లో ఏజెంటు తన కమిషన్లో వాటా కస్టమర్‌కి ఇవ్వకూడదు. రిబేటింగ్ అంటారు, లైసెన్స్ మీదకి వస్తుంది. చిన్నపాటి కానుక అయితే పరవాలేదు. అంటే ఓ స్వీట్ల డబ్బా ఇవ్వొచ్చు, ప్రీమియం మాత్రం కట్టకూడదు. అయినా కమిషన్ అంటే ఆయన ఏమనుకుంటున్నారో గానీ, నేను ఇర్వింగ్‌లో ఓ ఏజెన్సీలో గంటల లెక్కన జీతానికి పనిచేస్తున్నాను. ఆరునెలల కారు పాలసీ ఒకటి అమ్మితే నాకు మిగిలేదాన్ని పంచుకోవడం మొదలుపెడితే ఇద్దరికీ చెరో కాఫీ వస్తుంది.

ఇంకో సంగతి ఆయనకి చెప్పలేదు. మన దగ్గరా అది నేరమే. 1938 నాటి బీమా చట్టం 41వ సెక్షన్ ప్రతి ప్రపోజల్ ఫారం మీదా అచ్చేసి ఉంటుంది. జరిమానా పది లక్షల దాకా. సంతకం పెట్టేది సరిగ్గా దాని దగ్గరే, చదివేవాళ్ళు మాత్రం లేరు.

కానీ నిజం చెప్పాలంటే, మా ఊరి ఏజెంటు కూడా అలాగే కట్టేవాడు. బాబాయ్ అని పిలిచేవాళ్ళం. జనవరిలో క్యాలెండరు, డైరీ తెచ్చేవాడు, పెళ్ళిళ్ళలో వడ్డనకి నిలబడేవాడు. మా పెదనాన్న పోయినప్పుడు పదోరోజు కాకముందే క్లెయిమ్ ఫారాలు పట్టుకొచ్చి, పెద్దమ్మ చేత సంతకాలు పెట్టించి, బ్రాంచి ఆఫీసు చుట్టూ తనే తిరిగాడు. ఫ్రిస్కో ఆయన అడిగినది డిస్కౌంట్ అయినా, ఆయన మనసులో ఉన్నది ఇలాంటి బాబాయే అని నాకు తెలుసు. అందుకే కోపం పూర్తిగా రావడం లేదు.

ఇక్కడ నేను ఆ బాబాయిని కాలేను. కారు గుద్దుకుంటే కస్టమర్ యాప్‌లో ఫోటోలు పెడతాడు, కంపెనీ తరఫున అడ్జస్టర్ నష్టం లెక్క కడతాడు, బాడీ షాపు బాగుచేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో వడగళ్ళు పడి కార్ల పైకప్పులన్నీ సొట్టలు పోయినా, ఆ పనులన్నీ కంపెనీకీ కస్టమర్‌కీ మధ్య నడిచిపోతాయి. నాకు ఫోన్ వచ్చేది రెన్యువల్లో రేటు పెరిగాకే. తిట్టడానికి.

మరి నేను చేసేదేమిటి? మా ఆయన వెంట హెచ్4 డిపెండెంట్ వీసా మీద వచ్చి, పని చేసుకునే అనుమతి (ఈఏడీ) చేతికొచ్చాక ఎంకామ్‌తో ఏం చేయాలో తోచక ఈ పనిలో చేరాను. వేలిముద్రలిచ్చి, పరీక్ష రాసి లైసెన్స్ తెచ్చుకున్నాను. మొదట్లో స్క్రిప్టు చూసి చదివేదాన్ని. తర్వాత తెలిసింది, మనవాళ్ళకి స్క్రిప్టు పనికిరాదని.

ఎందుకంటే ఇండియాలో థర్డ్ పార్టీ బీమాలో, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి చేసే బీమాలో, మనిషి గాయపడినా, చనిపోయినా కంపెనీ ఇచ్చేదానికి పైపరిమితి లేదు. యాక్సిడెంట్ కేసులు చూసే ట్రిబ్యునల్ ఎంత అంటే అంత. ఎదుటివాడి బండికీ ఆస్తికీ మాత్రం ఏడున్నర లక్షల హద్దు. ఈ రూల్ తెలియకపోయినా, "ఇన్సూరెన్స్ ఉందిగా, వాళ్ళే చూసుకుంటారు" అనే ధీమా మన ఒంట్లో ఉంటుంది. ఇక్కడ టెక్సస్ చట్టం అడిగే మినిమమ్ అంటే 30/60/25. గాయపడిన ఒక్కొక్కరికి 30 వేల డాలర్లు, మొత్తం యాక్సిడెంట్‌కి 60 వేలు, ఎదుటివాళ్ళ ఆస్తికి 25 వేలు. అంతే. డాలస్ 635 హైవే మీద మీ ముందు వెళ్తున్న కారు ఖరీదు ఎంతో ఒకసారి చూడండి. ఒక్క రాత్రి హాస్పిటల్ బిల్లు ఎంతో కనుక్కోండి. ఆ పైదంతా మన మీదే పడుతుంది.

నేను తెలుగులో కూర్చోబెట్టి చెప్పేది ఇదే. తప్పెవరిదైనా మన వైద్యం ఖర్చులిచ్చే కవరేజ్ (పీఐపీ) వద్దంటే రాసి సంతకం పెట్టాలి, ఇన్సూరెన్స్ లేనివాడు గుద్దితే పనికొచ్చే కవరేజ్ వద్దన్నా అంతే. ఆ సంతకాలకి ముందు ఓ పది నిమిషాలు ఆపుతాను. పది నిమిషాలూ అవతలి నుంచి వచ్చేది ఒకటే ప్రశ్న: "మా ఫ్రెండ్‌కి ఇంతకన్నా తక్కువకి వచ్చిందే?"

కొత్తగా దిగినవాళ్ళ కోపం ఇంకోరకం. ఇక్కడ అప్పులు, కార్డు బిల్లులు కట్టిన చరిత్ర (క్రెడిట్ హిస్టరీ) ఉండదు, అక్కడి డ్రైవింగ్ అనుభవాన్ని చాలా కంపెనీలు లెక్కలోకి తీసుకోవు, దాంతో రేటు ఎక్కువ పడుతుంది. "ఇరవై ఏళ్ళు అమీర్‌పేట ట్రాఫిక్‌లో నడిపినవాణ్ణమ్మా" అన్నాడొకాయన. నాకైతే ఆయనకి ప్రత్యేక డిస్కౌంట్ ఇవ్వాలనిపించింది. కంప్యూటర్‌కి అనిపించలేదు.

ఫ్రిస్కో ఆయన దగ్గర అసలు గొడవ కమిషన్ కూడా కాదేమో. వాళ్ళబ్బాయికి పదహారు నిండాయి. ఇంట్లో డ్రైవింగ్ వయసు వాళ్ళందరి పేర్లూ అడగడం నా పని. "వాడు నడపడమ్మా, పేరెందుకు?" అన్నారు. పేరు రాస్తే ప్రీమియం ఎంత ఎగురుతుందో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. రాయకపోతే, రేపు వాడు పాల ప్యాకెట్‌కని తాళాలు తీసుకెళ్ళి ఎవరినైనా గుద్దితే ఏమవుతుందో నాకు ఇంకా బాగా తెలుసు. రాయాల్సిందే అన్నాను. అమెరికా మాట పడింది ఆ తర్వాతే.

ఆయన వేరేచోట తీసుకున్నారని విన్నాను. అక్కడ అబ్బాయి పేరు రాశారో లేదో నేను అడగలేదు.

మా తమ్ముడు విజయవాడలో ఉంటాడు. ఏజెంటు దండగ, ఫోన్లో రెండు నిమిషాల్లో పాలసీ తీసుకున్నా అని నన్ను ఏడిపించేవాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు వాడి కారు కూడా స్టీరింగ్ దాకా మునిగింది. నీళ్ళు తీశాక, నడుస్తుందేమో చూద్దామని తాళం తిప్పబోతూ నాకు వీడియో కాల్ చేశాడు. తిప్పావంటే చంపేస్తానన్నాను. నీళ్ళు చేరిన ఇంజన్ స్టార్ట్ చేస్తే పాడవుతుంది, ఇంజన్ ప్రొటెక్ట్ అని విడిగా తీసుకుంటే తప్ప మామూలు పాలసీ ఆ నష్టం ఇవ్వదు. వాడు అది తీసుకోలేదు. బ్యాటరీ వైరు తీయించు, నాలుగు వైపులా ఫోటోలు తీయి, కంపెనీకి చెప్పి టోయింగ్ పిలువు అన్నాను. ఇక్కడ అర్ధరాత్రి. పక్కింటివాళ్ళ కారు కూడా ఫోన్లో చూపించి, "అక్కా, వీళ్ళకీ చెప్పు" అన్నాడు. చెప్పాను.

వాడికి క్లెయిమ్ వచ్చింది. మరుసటి ఏడాది మళ్ళీ ఆన్‌లైన్‌లోనే రెన్యూ చేశాడు, ఇంజన్ ప్రొటెక్ట్ లేకుండానే. తక్కువకొచ్చిందట.